జర్మన్ వస్తే యిడ్డిష్ చదవడం ఎలా: తిరుపతి టీచరు చెప్పే పద్ధతి

బాలాజీ కాలనీలో మా మేడ మీద గదిలో జర్మన్ చెప్తాను. వచ్చేది ఎక్కువగా నర్సింగ్ అయిపోయిన పిల్లలు. మదనపల్లె, పలమనేరు, పుత్తూరు వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటారు, చెన్నై పోయి బీ1, బీ2 పరీక్షలు రాస్తారు, వీసా టెన్షన్ తీరాక విమానం ఎక్కుతారు. వాళ్లలో ఒకమ్మాయి నా టేబుల్ మీద కుడి నుంచి ఎడమకు రాసున్న యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) నోటు పుస్తకం చూసి, "ఇది వస్తే జీతం ఏమన్నా పెరుగుతుందా మేడమ్?" అంది. పెరగదు. ఇంటర్వ్యూలో ఎవరూ అడగరు, ఏ ఆసుపత్రీ దీనికి అలవెన్సు ఇవ్వదు. అయినా నేర్చుకోమనే చెప్తాను. జర్మన్ కోసం ఇప్పటికే పడ్డ కష్టం మీద ఇంకాస్త పెడితే, ఏడు వందల ఏళ్లకు పైబడిన రాతలున్న ఇంకో భాష చేతికొస్తుంది. ఇంత చవగ్గా వేరే భాష ఏదీ రాదు.

ఇది జర్మన్ ఏ2, అంటే రెండో స్థాయి, దాటినవాళ్ల కోసం. జర్మన్ అసలు రానివాళ్లు కూడా యిడ్డిష్ నేర్చుకోవచ్చు గానీ, వాళ్లకు ఈ అడ్డదారి పనికిరాదు.

ముందు ఒక అపోహ తీసేసుకోండి

యిడ్డిష్ అంటే పాడైపోయిన జర్మన్ అని చాలామంది అనుకుంటారు. జర్మన్లే కాదు, ఒకప్పుడు చదువుకున్న యూదులు కూడా అలాగే అనుకుని దాన్ని "జార్గన్" అని తీసిపారేశారు. ఈ ఆలోచనతో మొదలుపెడితే ప్రతి మాటా మీకు తప్పు స్పెల్లింగులాగే కనిపిస్తుంది. అసలు సంగతి వేరు. రైన్ నది ఒడ్డున ష్పాయర్, వోర్మ్స్, మైంజ్ ఊళ్లలో స్థిరపడిన యూదులు అక్కడి మధ్యయుగపు జర్మన్‌ను తమ హీబ్రూ, అరమాయిక్ (హీబ్రూకు దగ్గరి పాత భాష) మాటలతో కలిపి మాట్లాడేవాళ్లు. యిడ్డిష్ ఆ మధ్యయుగపు జర్మన్ నుంచి వచ్చింది. ఈనాటి జర్మన్ కూడా అలాంటి పాత మాండలికాల నుంచి తయారైందే. అంటే ఈ రెండూ అక్కాచెల్లెళ్లు, తల్లీబిడ్డలు కారు.

దీనికి రుజువు మీ నోట్లోనే ఉంది. జర్మన్‌లో రాయిని "ష్టైన్" అంటాం, ద్రాక్షసారాయిని "వైన్" అంటాం. రెండిట్లోనూ ఒకే "ఐ". యిడ్డిష్‌లో మాత్రం రాయి "ష్టేన్", సారాయి "వయ్‌న్". ఒకే శబ్దాన్ని రెండుగా ఎందుకు విడగొట్టారు అనిపిస్తుంది. విడగొట్టలేదు. మధ్యయుగపు జర్మన్‌లో ఇవి మొదటి నుంచీ రెండు వేరు వేరు అచ్చులు: ఒకటి "ష్టేయ్‌న్" లాంటిది, ఇంకోటి "వీన్". తర్వాత కలిపేసింది జర్మన్. యిడ్డిష్ తేడాను నిలుపుకుంది. ఇక్కడ ఎవరు పాడు చేశారో మీరే చెప్పండి.

క్రూసేడ్ల (క్రైస్తవుల మతయుద్ధాల) కాలంలో, 1096లో, ఈ రైన్ ఊళ్లలోనే యూదుల మీద ఊచకోతలు జరిగాయి. ఆ తర్వాతి శతాబ్దాల్లో దాడులూ వెలివేతలూ తట్టుకోలేక ఎంతోమంది తూర్పుకు, పోలండ్, లిథువేనియా, ఉక్రెయిన్ వైపు వెళ్లారు. భాష కూడా వాళ్ల వెంటే వెళ్లి స్లావిక్ మాటలు (పోలిష్, ఉక్రేనియన్ లాంటి అక్కడి భాషలవి) పోగేసుకుంది. తాతను "జేడె" అనడం, నాయనమ్మనైనా అమ్మమ్మనైనా "బొబె" అనడం అక్కడి నుంచి వచ్చినవే.

లిపి: దీన్ని దాటవేయకండి

యిడ్డిష్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పాఠాలు ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతాయి. వాటి జోలికి పోవద్దు. వాటికి అలవాటు పడితే అసలు పుస్తకం తెరిచిన రోజున మళ్లీ మొదటికే వస్తారు. లిపి హీబ్రూది. 22 అక్షరాలు, వాటిలో అయిదింటికి మాట చివర వచ్చినప్పుడు వేరే రూపం ఉంటుంది. మన గుణింతాలూ ఒత్తులూ నేర్చుకున్న చేతికి ఇది పెద్ద పనేం కాదు. ఉర్దూ చదవడం వచ్చినవాళ్లకు కుడి నుంచి ఎడమకు కన్ను నడపడం ముందే వచ్చు, వాళ్లు ఇంకా త్వరగా పట్టేస్తారు.

హీబ్రూలో అచ్చుల్ని మామూలుగా పూర్తిగా రాయరు, చదివేవాళ్లే పూరించుకోవాలి. యిడ్డిష్ అదే లిపిని తీసుకుని అచ్చులకు కూడా అక్షరాలు కేటాయించింది. "అయిన్" అనే అక్షరం హీబ్రూలో గొంతు శబ్దం, ఇక్కడ "ఎ". "ఆలెఫ్" కింద చిన్న అడ్డగీత ఉంటే "అ", ఆ గీతకు కింద చిన్న తోక కూడా ఉంటే "ఒ". "వోవ్" ఒక్కటే ఉంటే "ఉ", పక్కపక్కన రెండుంటే "వ". "యుద్" ఒక్కటే ఉంటే "ఇ", రెండు కలిస్తే "ఏయ్", వాటి కింద గీత పడితే "అయ్". వోవ్, యుద్ కలిస్తే "ఓయ్". అచ్చులకు సంబంధించి ముఖ్యమైనవి ఇవే. దీన్ని ఒక అట్ట మీద రాసి గోడకు అంటించుకోండి.

తికమక పెట్టే జతలు కొన్ని ఉన్నాయి. "దాలెద్"కూ "రేష్"కూ తేడా ఒక మూల మాత్రమే: దాలెద్ పైగీత కుడి పక్కకు కొంచెం పొడుచుకొస్తుంది, రేష్ మూల గుండ్రంగా తిరిగిపోతుంది. "సామెఖ్" గుండ్రం, మాట చివరి "మెమ్" నలుపలకలు. వీటిని వేలెడంత పెద్దవిగా రాసి చూడండి, ఫోన్ తెరమీద చూసి నేర్చుకుంటే కళ్లు నొప్పి తప్ప ఏమీ రాదు. చేతిరాత అక్షరాలు అచ్చు అక్షరాలకు చాలా దూరంగా ఉంటాయి, వాటిని తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో మాట. ఆలెఫ్ కింద ఆ గీతలు అచ్చయిన చాలా పుస్తకాల్లో ఉండవు, ముఖ్యంగా హసీదీల (ఆచారం గట్టిగా పాటించే ఒక యూదు శాఖ) పత్రికల్లో. మొదట్లో గీతలున్న పాఠాలే చదవండి, చదువు సాగాక గీతల్లేనివి. అప్పటికి మాట ఆకారమే గుర్తు పట్టేస్తారు.

జర్మన్ నుంచి యిడ్డిష్‌కు మెట్లు

అక్షరాలు వచ్చాక మొదట అంకెలు చదవండి: ఎయ్‌న్స్, ట్స్‌వేయ్, డ్రయ్, ఫిర్, ఫిన్ఫ్, జెక్స్, జిబ్న్, అఖ్ట్, నయ్‌న్, ట్సెన్. మా క్లాసులో ఇది వినిపిస్తే అందరూ నవ్వుతారు, "ఇదేంది మేడమ్, జర్మన్నే కదా" అంటారు. ఆ నవ్వులోనే సగం నియమాలు బయటపడతాయి.

జర్మన్‌లో ఉమ్లౌట్ ఉన్న చోట మూతి గుండ్రంగా చుట్టి పలకాలని మీ ప్రాణం తీశాను కదా, యిడ్డిష్‌లో ఆ బాధ లేదు. "ఫ్యూన్ఫ్" కాస్తా "ఫిన్ఫ్" అయింది, ఆకుపచ్చకు "గ్రిన్", అందంగా ఉంటే "షేన్". జర్మన్ "ప్ఫ్" కూడా లేదు: తల "కొప్", గుర్రం "ఫెర్ద్", ఆపిల్ "ఎప్‌ల్". జర్మన్ "ఔ" చాలా చోట్ల "ఓయ్" అవుతుంది: ఇల్లు "హోయ్‌జ్", చెట్టు "బోయ్‌మ్". జర్మన్‌లో "నేను" అనే మాట చివర వచ్చే ఆ మెత్తని శబ్దం పలకడానికి మా పిల్లలు నెలలు తంటాలు పడతారు. యిడ్డిష్‌లో అన్ని చోట్లా గొంతు లోపలి నుంచి వచ్చే గరుకు "ఖ్" ఒకటే: "ఇఖ్".

నర్సింగ్ పిల్లలకు నేను మొదట ఇచ్చే మాటలు వేరు. "క్రాంక్" అంటే జబ్బు, అచ్చం జర్మన్‌లో లాగే. నర్సు "క్రాంకన్-ష్వెస్టర్". ఆసుపత్రి "ష్పిటొల్". తలనొప్పి "కొప్‌వేయ్‌టిక్", కడుపునొప్పి "బోయ్‌ఖ్‌వేయ్‌టిక్". డాక్టరు "డొక్టర్", కానీ ఒకరికంటే ఎక్కువమంది ఉంటే "డొక్టోయ్‌రిమ్". ఆ చివరి "ఇమ్" హీబ్రూ బహువచనం. యూరప్ మాటకు హీబ్రూ తోక తగిలించడం ఈ భాషకు మంచినీళ్ల ప్రాయం. వెళ్లొస్తామని చెప్పడానికి "జయ్ గెజుంట్", ఆరోగ్యంగా ఉండు అని. ఆసుపత్రి గుమ్మం దగ్గర దీనికంటే మంచి మాట ఏముంటుంది.

వ్యాకరణం గురించి ఎక్కువ చెప్పను. లింగాలు మూడు అలాగే ఉన్నాయి, తప్పించుకోలేరు. భూతకాలం మాత్రం ఒకటే రకం, "నేను ఉండేవాణ్ని" అనడానికి "ఇఖ్ బిన్ గెవెన్" తప్ప వేరే రూపం వెతుక్కోనక్కర్లేదు. "తనను తాను" అనే అర్థంలో జర్మన్‌లో మనిషిని బట్టి మాట మారుతుంది, ఇక్కడ అందరికీ "జిఖ్" ఒక్కటే. ఉపవాక్యంలో క్రియను చివరికి నెట్టే జర్మన్ పద్ధతి కూడా లేదు. "అతనికి జబ్బు అని నాకు తెలుసు" అనడానికి "ఇఖ్ వేయ్‌స్ అజ్ ఎర్ ఇజ్ క్రాంక్". క్రియ చివర రావడం తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు కాబట్టి జర్మన్‌లో ఆ ఒక్క విషయం మనకు సులువు, ఇక్కడ దాన్ని వదులుకోవాలి. సరే, పోనివ్వండి.

మోసం చేసే మాటలు కొన్నిటిని మాత్రం ఎర్ర పెన్నుతో రాసుకోండి. "ఇఖ్ దర్ఫ్" అంటే జర్మన్‌లో లాగా "నాకు అనుమతి ఉంది" అని కాదు, "నాకు అవసరం" అని. "ష్మెక్న్" అంటే రుచి కాదు, వాసన చూడటం. "షుల్" బడి కాదు, యూదుల ప్రార్థనా మందిరం. శనివారానికి జర్మన్ మాట అసలు లేదు, "షబెస్" అంటారు. మిగతా వారాలన్నీ మీకు తెలిసినట్టే ఉంటాయి.

హీబ్రూ మాటలు: ఇక్కడే చాలామంది ఆగిపోతారు

మొత్తం జర్మన్ లాగే ఉందని ధైర్యం వచ్చాక ఒక మాట దగ్గర బండి ఆగిపోతుంది. అక్షరాలన్నీ తెలుసు, కలిపి చదివితే ఏ అర్థమూ రాదు. అది హీబ్రూ నుంచి వచ్చిన మాట అన్నమాట. యిడ్డిష్‌లో జర్మన్, స్లావిక్ మాటల్ని పలికినట్టు రాస్తారు. హీబ్రూ, అరమాయిక్ మాటల్ని మాత్రం హీబ్రూలో ఎలా ఉంటే అలాగే, అచ్చులు లేకుండా ఉంచేస్తారు. "షబెస్" అని పలికే మాటలో కనిపించేవి షిన్, బేస్, సోవ్ అనే మూడు అక్షరాలే. "ఎమెస్" అంటే నిజం, దాన్లో ఆలెఫ్, మెమ్, సోవ్. ఇది మనకు విడ్డూరం కాకూడదు. "దుఃఖం" అని విసర్గతో, ఒత్తు ఖతో రాసి "దుక్కం" అని పలికేవాళ్లం మనం. సంస్కృతపు మాటకు దాని రాత దానికి ఉంచాం, పలుకు మాత్రం మనది చేసుకున్నాం. వాళ్లు హీబ్రూకు చేసింది అదే.

వీటిని గుర్తు పట్టడానికి ఒక కిటుకు. ఖేస్, సోవ్, తోవ్, చుక్క ఉన్న కోఫ్, వేస్, సిన్ అనే అక్షరాలు హీబ్రూ మూలం మాటల్లోనే వస్తాయి. జర్మన్ మాటలో "ఖ్" రాయాలంటే ఖోఫ్ వాడతారు, "ట్" రాయాలంటే తెస్, "స్" రాయాలంటే సామెఖ్, "క్" రాయాలంటే కూఫ్. కాబట్టి ఒక మాటలో ఖేస్ కనిపించగానే కూడబలుక్కోవడం ఆపేసి నిఘంటువు తీయండి. ఈ మాటలకు విడిగా ఒక నోటు పుస్తకం పెట్టండి: ఎడమ పక్క రాత, కుడి పక్క తెలుగులో పలుకు. నిత్యం వాడే మాటలు కొన్ని వందలు వస్తే చదువు నడుస్తుంది. సోవియట్ కాలంలో అచ్చయిన పుస్తకాల్లో హీబ్రూ మాటల్ని కూడా పలికినట్టే రాశారు, మతాన్ని దూరం పెట్టడానికి. అలాంటి పుస్తకం దొరికితే చదవడం తేలిక, కానీ దానికి అలవాటు పడొద్దు.

అభ్యాసానికి ఒక సామెత, ఒక పాత వాక్యం

మొదటి వాక్యంగా నేను ఎప్పుడూ ఇచ్చేది ఈ సామెత: "అ మెంట్ష్ ట్రాఖ్ట్ ఉన్ గొట్ లాఖ్ట్." మనిషి ఆలోచిస్తుంటాడు, దేవుడు నవ్వుతుంటాడు. తానొకటి తలిస్తే దైవమొకటి తలచును అని మనం అనేదే. ఇందులో హీబ్రూ మాట ఒక్కటి లేదు, అన్నీ జర్మన్ ద్వారానే పట్టుకోవచ్చు. అక్షరాలు కూడా లెక్కగా పడతాయి: "మెంట్ష్"లో మెమ్, అయిన్, నున్, తెస్, షిన్. మనకున్న "చ" లాంటి శబ్దానికి వాళ్లు తెస్, షిన్ కలుపుతారు. "గొట్"లో గిమెల్, తోక ఉన్న ఆలెఫ్, తెస్. "ట్రాఖ్ట్", "లాఖ్ట్" రెండిట్లోనూ ఖోఫే, ఖేస్ కాదు. ఈ ఆరు మాటల్ని చూడకుండా రాయగలిగితే లిపి మీకు వచ్చేసినట్టే.

తర్వాత ఇంకా పాతది. తేదీ తెలిసిన యిడ్డిష్ వాక్యాల్లో అన్నిటికంటే పాతది 1272 నాటిది. వోర్మ్స్‌లో వాడిన ఒక పండుగ ప్రార్థనల పుస్తకంలో, పెద్ద హీబ్రూ అక్షరాల మధ్య ఖాళీల్లో ఎవరో చిన్నగా రెండు పాదాలు రాశారు. ఈ పుస్తకాన్ని ప్రార్థనా మందిరానికి మోసుకెళ్లే మనిషికి మంచి రోజు కలగాలి అని ఆశీర్వాదం. ఆ పుస్తకం ఇప్పుడు జెరూసలేంలో ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయంలో ఉంది, దాని ఫోటోలు నెట్‌లో చూడొచ్చు. "గుట్", "టాక్", "ట్రాగె" జర్మన్. పుస్తకం పేరు "మఖ్‌జోర్", మందిరం పేరు "బేస్ హక్‌నెసెస్" హీబ్రూ. పై భాగంలో నేను చెప్పిందంతా ఆ రెండు పాదాల్లోనే ఉంది. ఆ బరువైన పుస్తకం మోసిన కూలీ మనిషో, గుమాస్తానో, అతని మీద జాలిపడి రాసిన రాతగాడు నాకు బాగా నచ్చుతాడు.

ఏ యిడ్డిష్ నేర్చుకోవాలి

ఇది నిజమైన ప్రశ్న, ఎందుకంటే ఇప్పుడు యిడ్డిష్‌కు రెండు ఇళ్లున్నాయి.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు దీన్ని మాట్లాడేవాళ్లు కోటికి పైగా ఉండేవాళ్లు. అప్పుడు దినపత్రికలు, నాటకాలు, బడులు, రాజకీయ పార్టీలు అన్నీ ఈ భాషలో నడిచాయి. 1908లో చెర్నొవిట్స్ ఊళ్లో సభ పెట్టి, ఇది యూదు ప్రజల జాతీయ భాషల్లో ఒకటని తీర్మానించారు. 1925లో విల్నాలో (ఇప్పటి విల్నియస్) యీవో అనే పరిశోధన సంస్థ మొదలై, 1937లో రాతకు నియమాలు ఖరారు చేసింది. నాజీలు చంపిన 60 లక్షల మంది యూదుల్లో దాదాపు 50 లక్షల మంది యిడ్డిష్ మాట్లాడేవాళ్లే. మిగిలినవాళ్లకూ ఊరట లేదు. 1952 ఆగస్టు 12న మాస్కోలో 13 మంది యూదుల్ని స్టాలిన్ ప్రభుత్వం కాల్చి చంపింది, వాళ్లలో అయిదుగురు యిడ్డిష్ కవులు, రచయితలు. ఇజ్రాయెల్ హీబ్రూ వైపు మొగ్గి దీన్ని పక్కన పెట్టింది. అమెరికాలో పిల్లలు ఇంగ్లీషులోకి వెళ్లిపోయారు. 1978లో ఐజాక్ బషెవిస్ సింగర్‌కు నోబెల్ వచ్చినప్పుడు చాలామంది అది చనిపోతున్న భాషకు ఇచ్చిన వీడ్కోలు బహుమతి అనుకున్నారు.

కానీ న్యూయార్క్ బ్రూక్లిన్‌లో విలియమ్స్‌బర్గ్, బరో పార్క్, న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న కిర్యాస్ జోయెల్, లండన్‌లో స్టామ్‌ఫర్డ్ హిల్, బెల్జియంలో ఆంట్వెర్ప్, జెరూసలేంలో మేయా షెయారిమ్ వీధుల్లో హసీదీ యూదుల ఇళ్లలో పిల్లలు పుడుతూనే దీన్ని వింటున్నారు. పెద్ద కుటుంబాలు కాబట్టి వాళ్ల సంఖ్య పెరుగుతోంది కూడా. వీళ్లకు యిడ్డిష్ ఉద్యమం కాదు, ఇంట్లో మాట్లాడే మాట. పాఠ్యపుస్తకాల యిడ్డిష్ కంటే దీని పలుకు వేరు: "గుట్" వాళ్ల నోట "గిట్", పగలు "టొగ్" కాస్తా "టుగ్". ఇంగ్లీషు మాటలు కూడా బాగా కలుస్తాయి.

ఇంకో ఇల్లు యూనివర్సిటీలది, నేర్చుకునేవాళ్లది. వీళ్లు యీవో నియమాల ప్రకారం రాస్తారు. 1940లో ఆ సంస్థ ప్రధాన కార్యాలయం న్యూయార్క్ వచ్చేసింది. జర్మనీలో త్రియర్, డ్యూసెల్‌డోర్ఫ్ విశ్వవిద్యాలయాల్లో యిడ్డిష్ చదువులున్నాయి, అటు వెళ్లే పిల్లలకు ఉపయోగపడొచ్చు. స్వీడన్ 2000 సంవత్సరం నుంచి దీన్ని అధికారికంగా జాతీయ అల్పసంఖ్యాక భాషల్లో ఒకటిగా గుర్తించింది.

నా సలహా: రాత యీవో పద్ధతిలో నేర్చుకోండి, చెవిని మాత్రం హసీదీ పలుక్కు కూడా అలవాటు చేయండి. డ్యూయోలింగోలో 2021లో యిడ్డిష్ పాఠాలు వచ్చాయి. అందులో రాత యీవోది, వినిపించే గొంతు మాత్రం హసీదీ పలుకు. కనిపించేది ఒకటి, వినిపించేది ఇంకోటి అని కంగారు పడకండి, యాప్ చెడిపోలేదు. అయినా ఆ యాప్‌నే నమ్ముకుంటే వాక్యాలు వస్తాయి గానీ చదువు రాదు.

చదవడానికి సామగ్రికి కరువు లేదు. మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్‌లో యిడ్డిష్ బుక్ సెంటర్ అని ఉంది. ఆరన్ లాన్‌స్కీ అనే కుర్రవాడు 1980లో, వారసులు చెత్తలో వేయబోతున్న పుస్తకాలు ఇల్లిల్లూ తిరిగి సేకరించడం మొదలుపెట్టాడు, అవి పది లక్షలు దాటాయి. వాటిలో వేల పుస్తకాలు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. "ఫోర్వర్ట్స్" పత్రిక 1897లో న్యూయార్క్‌లో పుట్టింది, 2019 నుంచి కాగితం ఆపేసి ఆన్‌లైన్‌లో మాత్రమే వస్తోంది. దాన్లో వార్త ఒకటి రోజూ చదవండి: ముందు జర్మన్‌తో పట్టుబడే మాటల కింద గీత గీసుకోండి, మిగిలినవాటిలో హీబ్రూవి ఏవో అక్షరాల కిటుకుతో వేరు చేయండి, ఇంకా మిగిలితే స్లావిక్. ఫోన్‌లో టైప్ చేయడానికి ముందు హీబ్రూ కీబోర్డు పెట్టుకున్నా పని జరుగుతుంది.

మాట్లాడటానికి మనిషి కావాలంటే ఆన్‌లైన్ టీచర్లున్నారు. పలకరింపుగా "శోలెమ్-అలేఖెమ్" అనండి, వాళ్లు తిప్పి "అలేఖెమ్-శోలెమ్" అంటారు. సలాం-అలైకుం విన్న చెవికి ఇది కొత్తగా అనిపించదు. టీచరు ఆచారం పాటించే మనిషైతే శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా ఫోన్ ముట్టరు. న్యూయార్క్‌లో శనివారం రాత్రి అంటే మనకు ఆదివారం తెల్లారుజాము. కాబట్టి శనివారం పెట్టిన మెసేజీకి బదులు రాలేదని బెంగపడొద్దు, ఫీజు మాత్రం గురువారం లోపే పంపించేయండి.